మనిషిని చూసి అప్పిచ్చిన మండి పిలగాడు

మన దిక్కు చేతిల నాలుగు పైసలు కూడితె చాలు, ప్లాటు కొందామంటరు. అవే పైసలు పక్కింటి పిలగాని మెకానిక్ షాపుల పెడుదామంటె ఎవ్వరూ ముందటికి రారు. ప్లాటుకు కాయితం ఉంటది, పిలగానికి ఏముంటదని అడుగుతరు. అమెరికాల ఒక కూరగాయల యాపారి వందేండ్ల కిందనే ఈ లెక్కను తిప్పేసిండు. ఆయన పేరు అమాడియో పీటర్ జియానినీ.

1870 సంవత్సరంల కాలిఫోర్నియాలోని సాన్ హోసేల పుట్టిండు. అమ్మానాయినలు ఇటలీ నుంచి బతుకపోయినోళ్లు. ఈయనకు ఆరేడేండ్లప్పుడు, కూలి పైసల కాడ లొల్లయి ఒక పనోడు వాళ్ల నాయినను సంపిండు. అమ్మ ఇంకో పెండ్లి చేసుకున్నది. ఆ నాయినకు శాన్ ఫ్రాన్సిస్కోల కూరగాయల మండి ఉండె. పిలగాడు చదువు బందు పెట్టి మండిల పడ్డడు. తెల్లారకముందే లేచి రైతులతోటి బేరాలు చేసిండు. ఎవడు మాట మీద నిలవడుతడో, ఎవడు తప్పుతడో అక్కడే నేర్చుకున్నడు.

మామ సచ్చిపోయినంక ఆయన ఇండ్లు, జాగలు చూసుకుంట ఒక చిన్న బ్యాంకు బోర్డుల కూసున్నడు. అండ్ల ఉన్నోళ్లకే అప్పు, లేనోళ్లకు లేదు. కూలోళ్లకు, చిన్న దుకాణపోళ్లకు ఇయ్యాలని కొట్లాడిండు. ఇనలేదు. బయటికొచ్చి 1904ల, అంతకుముందు సారా దుకాణం ఉన్న ఇంట్ల బ్యాంక్ ఆఫ్ ఇటలీ తెరిచిండు. చాపలు పట్టేటోళ్లను, కూరగాయలు అమ్మేటోళ్లను వాళ్ల ఇండ్ల కాడికే పోయి కలిసిండు.

1906 ఏప్రిల్ 18న భూకంపమొచ్చింది. ఎనుకనే మంటలు. బ్యాంకుల ఉన్న బంగారం, పైసలు కూరగాయల బండ్లల్ల నారింజ డబ్బాల కింద దాచి ఊరు దాటించిండు. పెద్ద బ్యాంకుల ఇనుప గదులు కాగిపోయి, తలుపు తీస్తె నోట్లు అంటుకుంటయని రోజుల తరబడి తెరువలేదు. ఈయన ఓడరేవు కాడ రెండు పీపాల మీద చెక్క పరిచి కూసున్నడు. కాలిపోయిన ఇల్లు, దుకాణం మళ్ల కట్టుకునేటోళ్లకు, మనిషిని చూసి, సంతకం తీసుకొని అప్పులిచ్చిండు. అవన్నీ తిరిగొచ్చినయని తర్వాత చెప్పుకున్నడు.

ఆ బ్యాంకే 1930ల బ్యాంక్ ఆఫ్ అమెరికా అయింది. అట్లని అంతా మంచే అననీకి లేదు. మాంద్యం కాలంల కిస్తీలు కట్టలేక మస్తు మంది రైతులు భూములు పోగొట్టుకున్నరు. అండ్ల చానా భూమి ఈ బ్యాంకు చేతులకే వచ్చింది. బ్యాంకు పెద్దగైతె మనిషి మొఖం కనవడుడు కష్టమైతది.

అయినా తనకోసం కుప్పలు పోసుకోలేదు. 1949ల సచ్చిపోయేనాటికి, ప్రపంచంలనే పెద్ద బ్యాంకు పెట్టిన ఈ మనిషి ఆస్తి ఐదు లక్షల డాలర్లకు తక్కువనే.

తమ్మీ, ఫోన్ల లోన్ యాప్ నిన్ను చూడదు, నీ ఫోన్ నంబర్లను చూస్తది. షావుకారి నీ పాస్‌బుక్కు చూస్తడు. నీ పనిని చూసి పైసలిచ్చేటోడు కావాలె. రేపు నీ చేతిల నాలుగు పైసలు కూడినప్పుడు, ఆ చూసేటోనివి నువ్వే ఎందుకు కావొద్దు? ఇంకో ప్లాటు కొనే ముందట, ఊర్ల షట్టర్ తెరుద్దామని తిరుగుతున్న దోస్తు మొఖం ఒక్కసారి చూడు.