99 శాతం చాలని చోట

ఒక పనిలో 99 శాతం సక్సెస్ అంటే సూపర్ అనుకుంటాం కదా? అలాంటి వంద స్టెప్పులు వరసగా చేసి చూడండి. చివరికి మిగిలేది దాదాపు 37 శాతమే! ఈ లెక్కతోనే ఏళ్ల తరబడి కుస్తీ పట్టిన కెమిస్ట్ బ్రూస్ మెరిఫీల్డ్.

1921లో అమెరికాలోని టెక్సస్‌లో పుట్టారు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో పెప్టైడ్‌లు తయారుచేసేవారు. ఒక్కో అమైనో ఆమ్లం కలిపాక శుద్ధి చేయాలి, చిన్న గొలుసుకే నెలలు పట్టేది. 1959లో ఆయనకో ఐడియా వచ్చింది. మొదటి అమైనో ఆమ్లాన్ని సన్నటి ప్లాస్టిక్ పూసకు అతికిస్తే? అప్పుడు వ్యర్థాన్ని కడిగేస్తే చాలు, గొలుసు పూసకే ఉంటుంది. దాన్ని పనిచేయించి, పేపర్ ప్రచురించేసరికి 1963 వచ్చింది. 1969కల్లా సహచరుడు బెర్న్‌డ్ గుట్టేతో కలిసి 124 అమైనో ఆమ్లాల ఎంజైమ్‌నే తయారుచేశారు.

కానీ ఓ చిక్కుంది. గొలుసు పూస మీద ఉన్నంతసేపు దాన్ని శుద్ధి చేయలేం. ఒక స్టెప్‌లో జరిగిన లోపం చివరిదాకా వెంటే వస్తుంది. అందుకే మధ్యమధ్యలో కొలవాలి. కాసిన్ని పూసలకు నిన్‌హైడ్రిన్ కలిపితే నీలం రంగొచ్చిందా, రియాక్షన్ ఇంకా పూర్తికాలేదన్నమాట. ఆ రంగును కచ్చితమైన అంకెల్లో చెప్పే పద్ధతిని మెరిఫీల్డ్ బృందం 1981లో ఇచ్చింది. 1984లో ఆయనకు నోబెల్ దక్కింది. 2006లో కన్నుమూశారు.

ఫార్మా ల్యాబ్ ఉద్యోగాలకు ప్రిపేరవుతున్నారా? ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. స్టెప్‌కు 99.9 శాతం వస్తే, వంద స్టెప్పుల తర్వాత 90 శాతం మిగులుతుంది. ఆ తేడా తెలిసేది కొలిచినవాళ్లకే.