ఊడ్చిన గుడికే పాస్టరు

అటెండరుగా చేరిన ఆఫీసులోనే అధికారి కుర్చీలో కూర్చున్నవారిని మన సర్వీసులో అరుదుగా చూశాం. గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరైన నాకు అటువంటివారి చరిత్రలంటే మహా ప్రీతి. అమెరికాలో చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ అనే నల్లజాతి పాస్టరు అటువంటివాడే.

ఆయన 1851లో మేరీలాండ్ రాష్ట్రంలోని బెర్లిన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి బానిస, తల్లి స్వతంత్రురాలు. తల్లిని బట్టి బిడ్డ హోదా నిర్ణయమయ్యే చట్టం కనుక ఆయన బానిస కాలేదు. అయినా లాభమేమిటి? తల్లి చిన్నతనంలోనే పోయింది, పసివాణ్ణి పరుల ఇళ్ళలో పనికి పెట్టారు. అక్కడ చదువు నిషిద్ధం. దారిలో దొరికిన పత్రికల ముక్కలు దాచుకుని, రాత్రిళ్ళు మంట వెలుగులో అక్షరాలు కూడబలుక్కున్నాడు.

పెళ్ళయ్యాక ఫిలడెల్ఫియా చేరి పగలు ఇటుకలు మోశాడు. బెయిన్‌బ్రిడ్జ్ వీధి మెథడిస్టు చర్చిలో ఊడ్చి తుడిచే పనీ చేశాడు. ఆ తీరికలేని బతుకులోనే గ్రీకు, హీబ్రూ భాషలు నేర్చాడు. 1885లో పాస్టరు ఉద్యోగం వచ్చింది. ఆ తరువాత న్యూజెర్సీ, డెలవేర్, మేరీలాండ్ ఊళ్ళ మీదుగా బదిలీలే బదిలీలు. బదిలీల సంగతి మనకు వేరే చెప్పాలా! చివరికి 1902లో తాను చీపురు పట్టిన ఆ చర్చికే పాస్టరుగా వేశారు. అప్పటికి సభ్యులు 130 మంది. తరువాత పదివేలకు పెరిగారంటారు.

మనిషి ఆజానుబాహువు, గొంతు గంభీరం. ప్రసంగం మధ్యలో పాట ఎత్తుకునేవాడు. పాటలూ తానే కట్టాడు. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఇక్కడే ఉంది. స్వర్గసుఖాలతో సరిపెట్టక అద్దె కట్టలేనివాడి కష్టం, తోడులేనివాడి దిగులు పాటలోకి తెచ్చాడు. చర్చి తరఫున ఆకలిగొన్నవారికి అన్నం కూడా పెట్టించాడు. 1916లో ఆయన పాటల సంపుటి వెలువడింది. గాస్పెల్ సంగీతానికి తండ్రి అనిపించుకున్న థామస్ డార్సీ సైతం టిండ్లీ బాటలో నడిచినవాడే.

1924లో పెద్ద భవనం కట్టి దానికి ఆయన పేరే పెట్టారు. ఆ ఏడాదే భార్య డైసీ కన్నుమూసింది. ఇద్దరూ కలిసి పడ్డ కష్టానికి ఫలం దక్కేవేళ ఆమె లేకపోవడం నన్ను బాధించిన ఘట్టం. ఆయన 1933లో మరణించాడు.

ఏదో ఒకనాడు జయిస్తానంటూ 1901 ప్రాంతంలో ఆయన రాసిన పాట నుంచే ‘వి షల్ ఓవర్‌కమ్’ పుట్టిందని చాలామంది అంటారు. రాగం వేరని వాదించేవారూ ఉన్నారు. 1945లో చార్లెస్టన్ పొగాకు కార్మికులు సమ్మెలో పాడిన ఆ గీతం పౌరహక్కుల ఉద్యమమంతా మారుమోగింది. దాన్నే గిరిజాకుమార్ మాథుర్ హిందీలోకి తెచ్చారు. మన పిల్లలు బడిలో పాడిన ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ అదే.