చెప్పులు కుట్టే ఇంట వెలిసిన గణిత మేధావి – జార్జి బూల్

కంప్యూటర్, సెల్‌ఫోన్ లోపల నడిచేదంతా 0, 1 అనే రెండు అంకెల లెక్కే. ఆ లెక్కకు పునాది వేసిన జార్జి బూల్ గురించి మన సంచికలో నాలుగు మాటలు రాయాలనుకున్నాము.

ఆయన 1815 నవంబరు 2న ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో జన్మించారు. తండ్రి చెప్పులు కుట్టేవారు. ఆ పని సాగక ఇల్లు గడవడం కష్టమైతే, బూల్ 16వ ఏటనే ఉపాధ్యాయుడై కుటుంబ భారం మోశారు. 19వ ఏట సొంతంగా బడి పెట్టారు. విశ్వవిద్యాలయం గడప తొక్కలేదు. లాటిన్, గ్రీకు భాషలనూ, పెద్ద గణిత గ్రంథాలనూ చాలావరకు తానే చదువుకున్నారు. 1844లో రాయల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. డిగ్రీ లేకుండానే 1849లో ఐర్లండులోని కార్క్ కళాశాలలో గణిత ఆచార్యులయ్యారు.

నిజమైతే 1, అబద్ధమైతే 0 అనుకుంటే తర్కాన్ని బీజగణితంలా చేయవచ్చని 1847, 1854లలో వచ్చిన పుస్తకాలలో చూపారు. 1859లో అవకల సమీకరణాలపై మరో గ్రంథం రాశారు. 1864లో జోరువానలో సుమారు 5 కిలోమీటర్లు నడిచి వెళ్లి, తడిబట్టలతోనే పాఠం చెప్పారు. న్యుమోనియా సోకి డిసెంబరు 8న, 49వ ఏట కన్నుమూశారు.

1937లో క్లాడ్ షానన్ బూల్ బీజగణితాన్ని విద్యుత్ స్విచ్‌లకు అన్వయించారు. తర్వాత 1950లలో ఈ తర్కానికి అవకలనాన్నీ జోడించారు. ఇంటర్‌లో మనం చదివే అవకలనం చిన్న చిన్న మార్పులను కొలుస్తుంది. ఇక్కడ చిన్న మార్పు ఉండదు. 0 పోతే 1, 1 పోతే 0. అందుకే ఒక చలరాశి స్థానంలో ముందు 0, తర్వాత 1 వేసి ఫలితాలు చూస్తారు. ఫలితం మారితే అవకలనం 1, మారకుంటే 0. సర్క్యూట్లలో లోపాలు పట్టడానికి ఇది ఉపయోగపడింది.

ఒకే తీగపై వరుసగా రెండు స్విచ్‌లు, చివర ఒక బల్బు ఉన్నాయనుకోండి. రెండో స్విచ్ ఆఫ్‌లో ఉంటే మొదటిదాన్ని ఎన్నిసార్లు నొక్కినా బల్బు వెలగదు. రెండోది ఆన్‌లో ఉంటేనే మొదటిదానికి విలువ.

మన హాస్టల్ సీటు, భోజనం, పుస్తకాలు మొదటి స్విచ్. వాటి కోసం మన పెద్దలు పోరాడారు, అవి మన హక్కు. రెండోది మన చదువు. బూల్‌కు మొదటిది దాదాపు లేదు, రెండోది ఏనాడూ ఆఫ్ కాలేదు. మనకు రెండూ ఉన్నాయి. రెండోది ఆన్ చేద్దాం!