ఆమ్లజని నామకర్త లావోయిజర్

రసాయనశాస్త్ర పరిభాషను సంస్కరించిన ఆంట్వాన్ లావోయిజర్ 1743లో పారిస్ నగరమున జన్మించెను. నాటి ద్రవ్యనామములు పెక్కులు రసవాదుల సంకేతములు. పేరునుబట్టి పదార్థస్వరూపము తెలియకుండెను. దహనమునకు తోడ్పడు వాయువే ఆమ్లములన్నింటికి హేతువని తలచి, ఆయన గ్రీకు పదములతో దానికి ఆక్సిజన్ అని పేరిడెను. ఆమ్లమును పుట్టించునది అని దాని యోగార్థము. తెలుగున ఆమ్లజని యను మాట దానికి సరియైన అనువాదము. 1787లో మోర్వో, బెర్తోలే, ఫూర్‌క్రోవాలతో కూడి, సంయోగ పదార్థమునకు దాని మూలకములనుబట్టి పేరిడు పద్ధతిని ప్రకటించెను. ఫ్రెంచి విప్లవకాలమున, పన్నుల గుత్తలో భాగస్వామియైనందున 1794 మే 8న శిరశ్ఛేదమునకు గురియయ్యెను.

1810లో హంఫ్రీ డేవీ, ఉప్పునుండి లభించు ఆమ్లమున ఆమ్లజని లేదని తెలిపెను. ఆమ్లత్వమునకు హేతువు ఉదజనియని పిమ్మట స్థిరపడెను. యోగార్థము తొలగినను రూఢి నిలిచెను. అనువాదమున ఆ పొరపాటును తెలుగునకు సంక్రమించెను. పదము సాధువైనంత మాత్రమున పరిభాష నిర్దుష్టము కాజాలదు.