బద్దం ఎల్లారెడ్డిగారు

సిరిసిల్ల ప్రాంతమందలి గాలిపెల్లి గ్రామమున 1906వ సంవత్సరమున బద్దం ఎల్లారెడ్డిగారు జన్మించిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహము సాగినపుడు, రావి నారాయణరెడ్డిగారివలెనే వీరును నిజాము రాజ్యము దాటి ఆంధ్రప్రాంతమునకు పోయి అందు పాల్గొనిరి. అనగా వీరి రాజకీయ జీవితము కాంగ్రెసు నీడనే ఆరంభమాయెను. దానికి దూరమగుట తరువాతి మాట, పుట్టువిరోధము కాదు.

1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు నిషేధింపబడగా తెలుగుజనులకు ఆంధ్రమహాసభయే దిక్కాయెను. అందు మితవాదులు, అతివాదులు కొంతకాలము ఒకే పందిరి క్రింద నుండిరి. వెట్టిచాకిరి, అక్రమ వసూళ్లు, కౌలుదారుల బేదఖలు అను విషయములు తలయెత్తిన కొలది ఆ పందిరి ఇరుకాయెను. 1944లో భువనగిరి సభతో చీలిక స్పష్టమాయెను. 1947 సెప్టెంబరు 11న సాయుధపోరాటమునకు పిలుపునిచ్చిన మువ్వురిలో రావి నారాయణరెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ గార్లతోపాటు ఎల్లారెడ్డిగారొకరు. 1951 అక్టోబరులో ఆ పోరాటము విరమింపబడెను. వెంటనే సార్వత్రిక ఎన్నికలు వచ్చిపడినవి.

ఇచ్చటనే అసలు చిక్కు. వామపక్షమువారు పెద్దపార్టీలో చేరి లోపలినుండి దానిని మార్చవలెనా, వేరు కుంపటి పెట్టుకొనవలెనా? మొదటి త్రోవను వామపక్షము అదివరకే నడచి చూచినది. 1934లో కాంగ్రెసు సోషలిస్టు పార్టీ పుట్టినపిదప కమ్యూనిస్టులు అందులో చేరి పనిచేసిరి, 1940లో బహిష్కృతులైరి. 1948లో కాంగ్రెసు తనలో వేరుపార్టీ నడుపరాదని కట్టుదిట్టము చేయగా సోషలిస్టులే వెలికి వచ్చిరి. తలుపు మూసిన ఇంట కాపురము ఎట్లు చేయుదురు?

హైదరాబాదు రాష్ట్రమున కమ్యూనిస్టు పార్టీపై నిషేధమింకను తొలగలేదు. కావున ప్రజాస్వామిక ఫ్రంటు పేర పోటీ చేసిరి. ఒంటరిపంతముతో కాదు; షెడ్యూల్డు కులముల ఫెడరేషనుతో పొత్తు కుదుర్చుకొనిరి. ఇద్దరు సభ్యుల నియోజకవర్గమైన కరీంనగరమునుండి 1952లో ఎల్లారెడ్డిగారును, ఫెడరేషను అభ్యర్థి యం.ఆర్. కృష్ణగారును లోక్‌సభకెన్నికైరి. ఓడిన కాంగ్రెసు అభ్యర్థి పి.వి. నరసింహారావుగారు! శాసనసభలోని 175 స్థానములలో ఫ్రంటుకు 42, కాంగ్రెసుకు 93 లభించెను. నిన్నటివరకు అడవులలో నున్నవారు ప్రతిపక్షపు బల్లలపై కూర్చుండుట సామాన్యమా!

అటుపై ఆ మువ్వురి త్రోవలు మూడు విధములాయెను. కృష్ణగారు కాంగ్రెసులో చేరి 1957లో ఆ పక్షముననే గెలిచిరి. కేంద్రమున ఉపమంత్రియు నైరి. దానిని స్వార్థమని తేలికగా అనరాదు. హరిజనులకు అధికారపు గడప దగ్గరగుటయు నొక ప్రయోజనమే. ఎల్లారెడ్డిగారు మాత్రము కమ్యూనిస్టుగనే నిలిచి, 1958 ఉపయెన్నికలో బుగ్గారమునుండి శాసనసభకును, 1964లో రాజ్యసభకును ఎన్నికైరి. ఆ యేటనే పార్టీ రెండుగా చీలగా వీరు భారత కమ్యూనిస్టు పార్టీయందే ఉండిపోయిరి. వేరుగా నుండువారికిని లోపలి చీలికలు తప్పవు కదా!

1972లో ఎల్లారెడ్డిగారు ఇందుర్తినుండి శాసనసభకు వచ్చిరి. అప్పటి ముఖ్యమంత్రి ఇరువది యేండ్ల క్రిందట వీరిచే ఓడిన నరసింహారావుగారే. భూపరిమితి చట్టమును తెచ్చినది ఆయన ప్రభుత్వమే. దీనిని బట్టి లోపలనున్నవాడే పని సాధించెనని కొందరందురు. కాని భూమి మాటను పల్లెపల్లెకు పాకించి, ఓట్లరూపమున లెక్కకు తెచ్చినది వెలుపలివారి పోరాటము. ఆ ఒత్తిడి లేనిచో పెద్దపార్టీలోని భూస్వాములు ఆ చట్టమును తలపెట్టనిచ్చియుండెడివారా? తలపెట్టిన ముఖ్యమంత్రికిని పదవి నిలువలేదు. ముల్కీ తగవుల నడుమ 1973 జనవరిలో దిగిపోవలసివచ్చెను. ఆ చట్టము పటేలు, పట్వారీల లెక్కలలోనికి దిగునప్పటికి ఎన్నో భూములు బంధువుల పేర పంచబడియుండెను.