ఇంజనీరు లలిత

నేడు చెన్నై అని పిలువబడు మద్రాసు నగరమునకు దక్షిణభాగమున గిండీ అను ప్రదేశము కలదు. అచ్చటి ఇంజనీరింగు కళాశాల మిక్కిలి ప్రాచీనమైనది. భూములను కొలుచు విద్యను నేర్పుటకై 1794వ సంవత్సరమున ప్రారంభింపబడిన ఒక చిన్న సర్వే పాఠశాల క్రమక్రమముగా పెరిగి ఆ మహాకళాశాల అయినది. నాగార్జునసాగర నిర్మాణముతో పేరుగాంచిన కానూరి లక్ష్మణరావుగారు అచ్చట చదివినవారే. ఆంధ్రదేశమున కాలువలను, వంతెనలను, రహదారులను నిర్మించిన ఇంజనీర్లు అనేకులు ఆ కళాశాలనుండియే వెలువడిరి. కాని 146 సంవత్సరములపాటు అందు ఒక్క స్త్రీయైనను విద్యార్థినిగా అడుగుపెట్టలేదు. 1940లో ఆ తరగతిగదిలో తొలుత కూర్చుండినది ఇరువది యేండ్ల తెలుగు యువతి. ఆమె అప్పటికే వితంతువు. ఒక పసిబిడ్డకు తల్లి. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత.

లలిత 1919వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన మద్రాసులో ఒక మధ్యతరగతి తెలుగు కుటుంబమున జన్మించెను. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ కళాశాలలోనే విద్యుదింజనీరింగు ఆచార్యులు. ఆయన సంతానము ఏడుగురిలో లలిత అయిదవది. ఆ యింట యంత్రముల మాట, విద్యుత్తు మాట నిత్యము వినబడుచుండెను. సోదరులు ఇంజనీర్లయిరి. ఆడపిల్లలకు మాత్రము పాఠశాల చదువు, దాని వెంటనే పెండ్లి అనునదియే ఆనాటి రివాజు. సుబ్బారావుగారంతటి విద్యావంతులును ఈ ఆచారమును దాటలేకపోయిరి. 1934లో, పదునైదవ యేట, లలితకు వివాహము జరిగెను. అయినను పెండ్లితో చదువు ఆగరాదని తండ్రి పట్టుబట్టెను. అందుచేత ఆమె పాఠశాల చదువును పూర్తి చేయగలిగెను.

1937లో భర్త మరణించెను. అప్పటికి కుమార్తెకు నాలుగు నెలలు మాత్రమే నిండినవి. తల్లికి పదునెనిమిది యేండ్లు.

ఆ కాలమున ఇంత చిన్న వయస్సున భర్తను కోల్పోయిన స్త్రీ గతి ఎట్టిదో నేటి బాలబాలికలు ఊహించుట కష్టము. శిరోముండనము, ఒంటిపూట భోజనము, శుభకార్యములకు దూరముగా నుండుట, ఇంటిలో ఒక మూల జీవితమును గడుపుట, ఇవి అనేక కుటుంబములలో ఆమెకు విధింపబడిన నియమములు. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించి అప్పటికి ఏబది యేండ్లు దాటినది. శాసనమా, 1856లోనే వచ్చియుండెను. కాని శాసనము వచ్చినంత త్వరగా ఇంటిలోని ఆచారము మారదు. లలిత పునర్వివాహము చేసికొనలేదు. మూల కూర్చుండుటకును అంగీకరింపలేదు. తన కాళ్లపై తాను నిలువవలెను, బిడ్డను తానే పోషించుకొనవలెను అని నిశ్చయించుకొనెను. క్వీన్ మేరీస్ కళాశాలలో చేరి ఇంటర్మీడియట్ పరీక్షయందు ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలయ్యెను.

తరువాత ఏమి చదువవలెనను ప్రశ్న వచ్చెను. ఆనాడు ఉన్నతవిద్య నభ్యసింపగోరు స్త్రీలకు వైద్యవృత్తి ఒక తెరచిన త్రోవ. లలిత దానిని కోరలేదు. వైద్యురాలికి అర్ధరాత్రియని, అపరాత్రియని లేదు. పిలుపు వచ్చినప్పుడెల్ల పోవలసినదే. పసిబిడ్డ గల తల్లికి అది సాధ్యము కాదు. ఉదయము తొమ్మిదింటికి వెళ్లి సాయంకాలము అయిదింటికి ఇల్లు చేరు ఉద్యోగము కావలెనని ఆమె యోచించెను. తండ్రివలెను, సోదరులవలెను తానును ఇంజనీరు కావలెనని కోరెను. చరిత్రలో మొదటి స్థానము సంపాదింపవలెనను ఆశ ఆమెకు ఉన్నట్లు కనబడదు. బిడ్డను పెంచుటకు అనువైన పని ఏదియని వెదకిన ఒక తల్లి లెక్క అది.

తండ్రి సందేహింపలేదు. కళాశాల ప్రధానాచార్యులగు కె.సి. చాకోగారితో మాటలాడెను. మద్రాసు రాజధాని విద్యాశాఖాధిపతియగు ఆర్.ఎమ్. స్టేథంగారి అనుమతి కూడ అవసరమయ్యెను. ఇరువురును ఒప్పుకొనిరి. లలిత విద్యుదింజనీరింగు శాఖలో చేరెను. తండ్రి ఆ శాఖలోనే ఆచార్యుడై యుండనిచో ఆ తలుపు తెరచుకొనెడిదా యను ప్రశ్న సహజము. అట్టి తండ్రి లేని బాలికలు, ఆమెతో సమానమైన తెలివి గలవారు, ఆ కాలమున ఎందరో యుందురు. వారి పేర్లు మనకు తెలియవు.

కళాశాలలో చేరుట ఒకటి, అందు ఇముడుట మరియొకటి. అచ్చట వందలకొలది మగపిల్లల నడుమ ఆమె ఒక్కతె. తోటి విద్యార్థులు ఆమెయెడ మర్యాదగనే మెలగిరి. కాని వసతిగృహము మగవారి కొరకు కట్టబడినది. కళాశాల ఏర్పాట్లన్నియు మగవారి నుద్దేశించి చేయబడినవి. పాఠము చర్చించుటకుగాని, సాయంకాలము నాలుగు మాటలు చెప్పుకొనుటకుగాని తనవంటి మరియొక స్త్రీ లేదు. బిడ్డ బంధువుల యింట పెరుగుచుండెను; వారాంతమున మాత్రమే తల్లి వెళ్లి చూచివచ్చుచుండెను. ఎవరును కీడు చేయకున్నను ఒంటరితనము మనిషిని కృశింపజేయును. ఈ సంగతిని సుబ్బారావుగారు గ్రహించిరి. కూతురిని ఇంటికి పిలిపించుకొనవలెనని ఆయనకు తోచలేదు. ఆమెకు తోడు తేవలెనని తోచెను. గిండీ కళాశాలలో స్త్రీలకు కూడ ప్రవేశమియ్యబడునని ప్రకటన వెలువడునట్లు చేసిరి. దానికి ఫలముగా కేరళప్రాంతమునుండి లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా అను ఇరువురు యువతులు వచ్చి సివిల్ ఇంజనీరింగు శాఖలో చేరిరి.

ఒకరు ముగ్గురైరి. సంఖ్య చిన్నదే. కాని ఒక్క స్త్రీ చేరినప్పుడు ఆమెను ఒక వింతగా చూతురు. ముగ్గురు చేరినప్పుడు వారు విద్యార్థినులు. లలిత వారికంటె ముందు చేరినను, రెండవ ప్రపంచయుద్ధము కారణముగా చదువుకాలము కొంత కుదింపబడుటచే ముగ్గురును ఒక్క కాలముననే చదువు ముగించిరి.

పట్టా లిచ్చునప్పుడు ఒక విచిత్రము జరిగెను. ఆ పత్రములు ముందుగనే అచ్చువేయబడి యుండెను. అభ్యర్థి పేరు వ్రాయు చోటు విడిచి, తక్కిన వాక్యమంతయు ఆంగ్లమున పురుషుని గూర్చియే ముద్రింపబడెను. స్త్రీ ఒకతె ఆ పత్రమును అందుకొనునని అచ్చువేయించినవారు కలనైనను తలపలేదు. పురుషవాచకమగు సర్వనామమును కలముతో కొట్టివేసి, దానిపై స్త్రీవాచకమును వ్రాసి వారికి ఇచ్చిరి. కాగితముమీది ఆ చిన్న గీత 146 సంవత్సరముల కథను చెప్పుచున్నది.

పట్టము పొందుటకు కర్మాగారములో ఒక సంవత్సరము అభ్యాసము కూడ అవసరము. అందుకై లలిత బీహారులోని జమాల్‌పూరు రైల్వే వర్కుషాపునకు వెళ్లెను. 1862లో స్థాపింపబడిన ఆ వర్కుషాపు ఆవిరియంత్రములకు ప్రసిద్ధి. అనంతరము 1944లో సిమ్లాలోని కేంద్ర ప్రమాణసంస్థలో ఇంజనీరింగు సహాయకురాలిగా ఉద్యోగము లభించెను. అచ్చట సోదరుని యింటిలో నివసించుచు పనిచేసెను. 1946లో ఆ ఉద్యోగమును విడిచి, తండ్రి చేయుచుండిన పరిశోధనలలో కొంతకాలము తోడ్పడెను. ఆయన విద్యుత్తుతో పలుకు ఒక వాద్యమును, పొగరాని పొయ్యిని కల్పించుచుండిరి. ఆ పని ఆమెకు ఇష్టమే. కాని దానివలన ఇల్లు గడువదు. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అను బ్రిటిషు కంపెనీలో చేరెను. ఆ నగరమున మరియొక సోదరుడు కాపురముండుట ఆమెకు గొప్ప ఆసరా. తల్లి కార్యాలయమునకు వెళ్లినప్పుడు బిడ్డను కనిపెట్టుకొనుటకు అయినవారుండిరి. ఆమె జీవితమును పరికించినచో ప్రతి మజిలీయందును ఇట్టి యొక యిల్లు కనబడును. ప్రతిభ ఎంత యున్నను, బిడ్డను ఎత్తుకొను చేతులు మరి రెండు లేనిచో ఆమె ఉద్యోగము సాగియుండదు.

స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తలో దేశమునకు విద్యుత్తు మిక్కిలి అవసరమయ్యెను. సట్లెజ్ నదిపై 226 మీటర్ల ఎత్తున భాక్రా ఆనకట్ట లేచుచుండెను. ఆనకట్ట అనగానే మనకు రాళ్లు, సిమెంటు, నీరు తోచును. కాని నీటివేగముచే చక్రము తిరిగి జనరేటరులో పుట్టిన విద్యుత్తు దానంతట అది ఊళ్లకు నడచిపోదు. ట్రాన్స్‌ఫార్మరులతో దాని వోల్టేజిని హెచ్చించి, దూరమునకు తీగెలపై పంపి, ఊరి సమీపమున మరల తగ్గింపవలెను. వోల్టేజి హెచ్చినచో అంతే శక్తిని తక్కువ ప్రవాహముతో పంపవచ్చును; ప్రవాహము తగ్గినచో తీగెలలో వేడియై వ్యర్థమగు భాగమును తగ్గును. ఇది యొక యెత్తు. పిడుగు పడినను, తీగె తెగినను, ప్రవాహము హద్దుమీరి యంత్రములను కాల్చివేయగలదు. దానిని కనిపెట్టు సాధనమునకు రిలే అని పేరు. అది హద్దు దాటిన ప్రవాహమును గుర్తించి సర్క్యూట్ బ్రేకరునకు ఆజ్ఞ యిచ్చును; రెప్పపాటు కాలములో దారి మూసివేయబడును. ఏ తీగె తెగినప్పుడు ఏ బ్రేకరు ముందు కదలవలెనో, ఏది వేచియుండవలెనో ముందుగనే లెక్కకట్టవలెను. లెక్క తప్పినచో ఒక మూల దోషమునకు ఒక జిల్లా అంతయు చీకటిలో పడును.

లలిత పని ఇదియే. విద్యుత్ప్రసార మార్గములను రూపొందించుట, సబ్‌స్టేషనుల నమరిక, రక్షణసాధనముల ఎంపిక, ఇవి ఆమె బల్లమీద నడచిన పనులు. భాక్రా నంగల్ జనరేటరుల పనియందును ఆమె పాల్గొనెను. ఆనకట్ట 1963లో జాతికి అంకితమయ్యెను. అట్టి సభలలో నకాశాలు గీసినవారి పేర్లు వినబడవు. అది పురుషులకైనను అంతే.

లండనులోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ అను సంస్థ 1953లో ఆమెను అసోసియేటు సభ్యురాలిగను, 1966లో పూర్ణసభ్యురాలిగను ఎన్నుకొనెను. 1964 జూన్ నెలలో మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సమావేశము న్యూయార్కులో జరిగెను. లలితకు ఆహ్వానము వచ్చెను. అప్పటికి భారతదేశమున మహిళా ఇంజనీర్ల సంఘము లేదు. కావున ఏ సంఘమునకును ప్రతినిధి కాక, ఆమె స్వంత హోదాలోనే వెళ్లవలసివచ్చెను. గిండీలో ఒంటరిగా కూర్చుండిన యువతి అచ్చట పలుదేశములనుండి వచ్చిన వందలకొలది సహవృత్తిగల స్త్రీలను చూచెను. మరుసటి సంవత్సరమున లండనులోని మహిళా ఇంజనీర్ల సంఘమున సభ్యురాలయ్యెను. 1967లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జరిగిన రెండవ సమావేశమునకు మన దేశపక్షమున ప్రతినిధిగా వ్యవహరించుటకు అంగీకరించి, ఇచ్చటి మహిళా ఇంజనీర్లకు ఆ వార్తను తెలుపు పనిని తలకెత్తుకొనెను. తండ్రి తనకు తోడు వెదకినట్లే ఆమెయు ఇతరులకు తోడు వెదకెననవచ్చును.

తోటి విద్యార్థినులును వెనుకబడలేదు. లీలమ్మ జార్జి తిరువాన్కూరు ప్రజాపనుల శాఖలో ఇంజనీరయ్యెను. త్రేసియా 1971లో కేరళ రాష్ట్ర ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యెను. అట్టి పదవి నధిష్ఠించిన స్త్రీ భారతదేశమున అంతకుముందు లేదు.

లలిత పనిచేసిన కంపెనీని తరువాతి కాలమున జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అను మరియొక బ్రిటిషు సంస్థ కలుపుకొనెను. ఆమె మాత్రము అందే యుండి, సుమారు ముప్పది సంవత్సరముల సేవానంతరము 1977లో ఉద్యోగవిరమణ చేసెను. దక్షిణదేశమును చూడవలెనని, విశ్రాంతిగా నుండవలెనని తలచెను గాని, ఆ విశ్రాంతి రెండు సంవత్సరములే దక్కెను. 1979వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన, అరువదియవ యేట, లలిత మరణించెను.