గిల్బర్ట్ వాకర్
సర్ గిల్బర్ట్ థామస్ వాకర్ (జూన్ 14, 1868 - నవంబర్ 4, 1958) బ్రిటిష్ గణిత, వాతావరణ శాస్త్రవేత్త. ఇంగ్లాండులోని రోచ్‌డేల్‌లో జన్మించాడు. కేంబ్రిడ్జి గణిత పరీక్షలో 1889లో ప్రథముడిగా నిలిచాడు. 1913లో మద్రాసులో రామానుజన్ గణితాన్ని చూసి, విద్యార్థివేతనం ఇవ్వమని విశ్వవిద్యాలయానికి సిఫారసు చేసినది ఈయనే.

1904లో భారత వాతావరణ శాఖ అధిపతి అయ్యాడు. అంతకు ముందు వాతావరణ శాస్త్రంలో శిక్షణ లేదు. 1899 నాటి ఘోరమైన కరువు తరువాత, ఋతుపవనాల వైఫల్యాన్ని ముందుగా తెలుసుకొనడమే శాఖ ముందున్న పెద్ద సమస్య. వాకర్ అనేక దేశాల వాతావరణ లెక్కలను గణాంక పద్ధతిలో పోల్చాడు. పసిఫిక్ తూర్పు భాగంలో గాలి పీడనం పెరిగినపుడు హిందూ మహాసముద్రంపై తగ్గుతుందనీ, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుందనీ గమనించాడు. తక్కెడ వంటి ఈ మార్పుకు దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. అయితే దీనికి కారణం చెప్పలేకపోయాడు. ఆయన ముందస్తు అంచనాలు కూడా అంతగా ఫలించలేదు. 1924లో పదవీ విరమణ చేసి, లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలలో ఆచార్యుడయ్యాడు.

కారణం సముద్రంలో ఉంది. పసిఫిక్ పడమటి భాగపు వెచ్చని నీటిపై గాలి వేడెక్కి పైకి లేచి, వర్షాలు కురిపించి, ఎత్తులో తూర్పుకు సాగుతుంది. పెరూ తీరం దగ్గరి చల్లని నీటిపై దిగి, ఉపరితల పవనంగా తిరిగి పడమరకు వస్తుంది. తూర్పు జలాలు వేడెక్కిన ఎల్ నినో సంవత్సరాలలో ఈ చక్రం బలహీనపడుతుంది. భారతదేశంలో తరచుగా వర్షాలు తగ్గుతాయి. దీనిని వివరించిన జాకబ్ బియెర్క్‌నెస్, వాకర్ మరణించిన పదకొండేళ్లకు, 1969లో, ఈ చక్రానికి వాకర్ ప్రసరణ అని పేరు పెట్టాడు.